సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు జీపీఎల్ సరిపోతుందా?

నా ప్రోగ్రామ్‌ను మార్చి సర్వర్‌లో నడిపేవారు ఆ మార్పుల సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసే మూలరూపాన్ని) వాడుకరులకు ఇచ్చితీరాలంటే జీపీఎల్ (గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు) చాలదా అన్నది ప్రశ్న. చాలదు. ప్రోగ్రామ్ ప్రతిని ఇతరులకు అందించినప్పుడే సోర్స్ కోడ్ ఇవ్వాలన్న బాధ్యతను జీపీఎల్ విధిస్తుంది. సర్వర్‌లోని ప్రోగ్రామ్‌ను మనం నెట్‌వర్క్ ద్వారా వాడుకుంటామే తప్ప దాని ప్రతి మన చేతికి రాదు కనుక, మార్పులను దాచుకున్నా లైసెన్సును ఉల్లంఘించినట్లు కాదు. ఈ లోటును పూడ్చడానికే, జీపీఎల్‌ను వెలువరించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2007 నవంబరులో ఆఫెరో జీపీఎల్ 3వ వెర్షన్‌ను వెలువరించింది. దాని 13వ విభాగం ప్రకారం, ప్రోగ్రామ్‌ను మార్చినవారు దాన్ని నెట్‌వర్క్ ద్వారా వాడే వారందరికీ, మార్చిన రూపానికి సంబంధించిన సోర్స్ కోడ్‌ను ఉచితంగా పొందే అవకాశం కల్పించాలి. షరతులు చాలా తక్కువగా ఉండే ఎంఐటీ లైసెన్సులో ఇటువంటి నిబంధనేదీ లేదు. వాడుకరి స్వేచ్ఛే ముఖ్యమనుకుంటే ఆఫెరోనే ఎంచుకోమంటాను. అయితే వాడుకరి సమాచారం వేరొకరి సర్వర్‌లో ఉండిపోవడమనే సమస్యను అది కూడా తీర్చలేదు.