తెలుగు మీడియంలో చదివి సెల్ రిసెప్టర్ సిగ్నలింగ్‌లో పరిశోధన చేయొచ్చా?

మీరు శ్రీకాకుళంలో బీఎస్సీ చివరి ఏడాది, ఇంటర్ వరకు తెలుగు మీడియం. సెల్ సిగ్నలింగ్‌లో, అంటే కణం పొర మీదుండే రిసెప్టర్లనే ప్రొటీన్లు బయటి కబురును లోపలికి ఎలా చేరవేస్తాయన్న దాని మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, ఇంగ్లీషంటే భయం. నాన్నగారేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. వీలైతే ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేయాలని కూడా ఉందన్నారు.

చేయొచ్చు. ఇంగ్లీషు పెద్ద అడ్డేమీ కాదు. ఈ దారిలో మనల్ని నిజంగా పరీక్షించేది కాలం. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మాది రాజాం దగ్గర పల్లె. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, ఆధార్ కార్డులో అడ్రసే మారింది. డిగ్రీ శ్రీకాకుళంలో, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ విశాఖలో, పీహెచ్‌డీ హైదరాబాద్‌లో చేశాను. తర్వాత అమెరికాలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం). ఇప్పుడు హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో, కొత్త మందులు రిసెప్టర్ల మీద ఎలా పనిచేస్తున్నాయో కొలిచే టీమ్‌లో ఉన్నాను.

ఇంగ్లీషు సంగతి త్వరగా తేల్చేస్తాను. రీసెర్చ్ పేపర్లలో వాడే మాటలు మళ్లీ మళ్లీ అవే వస్తాయి, ఒక ఏడాది డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే దారికొస్తాయి. సెమినార్‌లో నిలబడి మాట్లాడటానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పడుతుంది. నా యాస విని నవ్వినవాళ్లు ఉన్నారు. గ్రాఫ్ మీద సరైన ప్రశ్న అడిగాక నవ్వడం మానేశారు.

ఇక అసలు విషయం. హార్మోన్, రిసెప్టర్ అంటే తాళంచెవి, తాళం అని పుస్తకాల్లో రాస్తారు. అది సగమే నిజం. అడ్రినలిన్‌నే తీసుకోండి. లివర్‌లో గ్లైకోజెన్‌ను విడగొట్టించి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలిస్తుంది. శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది. చర్మంలోని రక్తనాళాలనేమో బిగిస్తుంది. హార్మోన్ ఒక్కటే. కణం పొర మీద ఏ రకం రిసెప్టర్ ఉంది, లోపల అది ఏ జీ-ప్రొటీన్‌ను (కబురును కణం లోపల ముందుకు నడిపే ప్రొటీన్‌ను) పట్టుకుంది అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు పీల్చే సాల్బుటమాల్, శ్వాసనాళాల కండరాన్ని వదులు చేయించే బీటా-2 అనే అడ్రినలిన్ రిసెప్టర్‌ను పనిచేయిస్తుంది. గుండెదడకు, చేతుల వణుకుకు ఇచ్చే ప్రొప్రనొలాల్ గుండెలోని బీటా-1 రిసెప్టర్‌తో పాటు ఆ బీటా-2ను కూడా అడ్డుకుంటుంది. అందుకే ఉబ్బసం ఉందని చెబితే డాక్టర్లు ఆ మాత్ర జోలికి పోరు. మా నాయనమ్మకు ఉబ్బసం. క్లాసులో ఈ సంగతి విన్న రోజు నుంచి ఈ సబ్జెక్ట్ నన్ను వదల్లేదు.

ఇప్పుడు కాలం లెక్క చూడండి. ఈ అడ్రినలిన్ రిసెప్టర్లు ఆల్ఫా, బీటా అని రెండు రకాలుండాలని రేమండ్ ఆల్‌క్విస్ట్ 1948లో రాశారు. 1970ల్లో కూడా రిసెప్టర్ అనేది నిజంగా ఉన్న వస్తువేనా, లెక్క సరిపోవడానికి పెట్టుకున్న ఊహా అని అనుమానించినవాళ్లు ఉన్నారు. రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్ బృందం రేడియోధార్మిక అణువులు అంటించి వాటి జాడ పట్టుకుంది. 1986లో బీటా-2 జన్యువును వేరుచేసి నకలు తీస్తే (క్లోనింగ్), ఆ ప్రొటీన్ మన కంట్లో వెలుగును పసిగట్టే రొడాప్సిన్‌ను పోలి ఉందని తేలింది. ఆ పనిలో ఉన్న బ్రయాన్ కోబిల్కా 2007లో రిసెప్టర్ నిర్మాణాన్ని, 2011లో అది జీ-ప్రొటీన్‌ను పట్టుకుని ఉన్న స్థితిని చూపించారు. 2012లో ఇద్దరికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. జన్యువు దొరికాక, రిసెప్టర్ జీ-ప్రొటీన్‌ను పట్టుకున్న ఆ బొమ్మ రావడానికి 25 ఏళ్లు పట్టింది. వాళ్లకే అంత పడితే మనకెంత పడుతుందో ఊహించుకోండి.

రోజువారీ పనిలో ఎక్కువ భాగం అనుమానపడటమే. ల్యాబుల్లో అందరూ పెంచి వాడే హెక్-293 అనే మనిషి కణాల్లో బీటా-2 రిసెప్టర్లు సహజంగానే కొన్ని ఉంటాయి. మీరు కొత్త రిసెప్టర్ పెట్టి మందు వేస్తే సిగ్నల్ వచ్చింది సరే, అది మీరు పెట్టినదాని వల్ల వచ్చిందా, కణం సొంత రిసెప్టర్ వల్లా? దీనికి జవాబు లేకుండా గ్రాఫ్ చూపిస్తే ల్యాబ్ మీటింగ్‌లో చీల్చి చెండాడతారు. పెంచే కణాల్లో చేరే మైకోప్లాస్మా అనే చిన్న బ్యాక్టీరియా ఇంకో బాధ. దానికి కణకవచం ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు, మామూలు మైక్రోస్కోపులో కనపడదు, లోపల కూర్చుని రీడింగులన్నీ పాడుచేస్తుంది. కణం లోపలి ఎర్క్ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ చేరడం సిగ్నల్ వచ్చిందనడానికి ఒక గుర్తు. అది చాలా రిసెప్టర్లలో ఐదు, పది నిమిషాల్లో బాగా పెరిగి తర్వాత తగ్గిపోతుంది. ఆలస్యంగా చూస్తే ఏమీ జరగలేదనుకుంటాం. వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ఒక ప్రొటీన్‌ను బ్యాండ్‌గా చూపించే పరీక్షలో) ఫాస్ఫేట్‌ను పట్టే యాంటీబాడీ వాడేటప్పుడు, అది అనవసరమైనచోట అంటుకోకుండా పూసే పాలపొడి బదులు బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఒక ప్రొటీన్) వాడమంటారు, ఎందుకంటే పాలలోని కేసీన్‌కే బోలెడు ఫాస్ఫేట్ ఉంటుంది. ఫాస్ఫేట్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి: మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని నేను ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేశాను. సిగ్నలింగ్‌లో సగం పని ఫాస్ఫేట్ ఎక్కడ చేరింది, ఎప్పుడు ఊడింది అని చూడటమే.

పీహెచ్‌డీలో ఒకసారి ఖరీదైన యాంటీబాడీ కొన్నాం. బ్లాట్‌లో చక్కటి బ్యాండ్ వచ్చింది. రిసెప్టర్ అసలే లేని కణాల్లోనూ అదే బ్యాండ్, అదే చోట. అమ్మిన కంపెనీకి రాస్తే మర్యాదగా ఉత్తరం వచ్చింది, డబ్బు రాలేదు. ఈ రకం రిసెప్టర్లకు అమ్మే యాంటీబాడీలను నమ్మలేమన్నది ఈ రంగంలో పాత గొడవే. నా నెలలు కొన్ని దాంట్లో పోయాయి. ఈలోగా ఊళ్లో పెళ్లికి వెళితే, "ఇంకా సదువేనేటి?" అని అడిగేవారు. యాంటీబాడీ కథ వాళ్లకేం చెబుతాం?

ఉద్దానం గురించి మీ కోరిక మంచిదే, కానీ రిసెప్టర్ సైన్స్ నేర్చుకుంటే ఆ చిక్కు విడిపోతుందనుకోవద్దు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో కారణం ఇంకా తేలలేదు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో నీళ్లు చాలక పనిచేయడం, వంశపారంపర్యం, అన్నీ చర్చలో ఉన్నాయి. అయితే మన సబ్జెక్ట్ అక్కడ ఒకచోట కలుస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే వాసోప్రెసిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది కిడ్నీలోని వీ-2 రిసెప్టర్‌ను, దాని ద్వారా కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును కదిలించి నీటిని వెనక్కి లాగిస్తుంది. రోజూ అదే జరిగితే కిడ్నీ ఏమవుతుందన్న చర్చ మధ్య అమెరికా చెరకు కూలీలకు వచ్చే కిడ్నీ జబ్బు విషయంలోనూ నడుస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ పనే మీకు ముఖ్యమనుకుంటే ఎపిడెమియాలజీ (జనంలో జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తుందో లెక్కగట్టే శాస్త్రం) వైపు కూడా చూడండి. నా దృష్టిలో ఉద్దానానికి ఇప్పుడు రిసెప్టర్ నిపుణుల కంటే ఎపిడెమియాలజీ నిపుణుల అవసరమే ఎక్కువ.

డబ్బు సంగతి. నేను చేరినప్పుడు జేఆర్ఎఫ్ (నెట్ పరీక్ష నెగ్గి పీహెచ్‌డీలో చేరినవాళ్లకిచ్చే ఫెలోషిప్) నెలకు 16,000 రూపాయలు. 2023 నుంచి మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె. ఒక్కోసారి నెలల తరబడి రాదు, కాబట్టి కొంచెం దాచుకోండి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి 35 దగ్గర పడతాయి. అమ్మాయిల ఇళ్లలో ఈ లెక్క మీద గొడవ ఇంకా ముందే మొదలవుతుంది. మా బ్యాచ్‌లో బాగా చదివే ఇద్దరు అక్కడే ఆగిపోయారు.

అందుకే నాన్నగారి మాటను తీసిపారేయకండి. మా జిల్లాల్లో టీచరు ఉద్యోగం ఇంటిని నిలబెట్టినంతగా ఇంకేదీ నిలబెట్టలేదు. ఎమ్మెస్సీ చేసి, సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాస్తానని, రాకపోతే అప్పుడు బీఈడీలో చేరతానని ఒక గడువు పెట్టి ఒప్పించండి. నెట్ పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తప్పు జవాబుకు మార్కులు కోస్తారు.

దానికంటే ముందు, ల్యాబ్ పని మీ ఒంటికి పడుతుందో లేదో చూసుకోండి. సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు డిగ్రీ వాళ్లు కూడా అప్లై చేయొచ్చు. రిసెప్టర్ల మీదే చూడాలంటే హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం సెరొటోనిన్ రిసెప్టర్‌కు, కణం పొరలోని కొలెస్టరాల్‌కు ఉన్న సంబంధం మీద చేసిన పని చదవండి. ఐఐటీ కాన్పూర్‌లో అరుణ్ శుక్లా బృందం అరెస్టిన్ల (రిసెప్టర్ సిగ్నల్‌ను ఆపే ప్రొటీన్ల) మీద చేస్తున్న పని కూడా. ఒక్కో పేపర్‌లో మొదట బొమ్మలు, వాటి కింది వివరాలు చదివి, కంట్రోల్ (ఫలితాన్ని పోల్చి చూడటానికి పెట్టిన ప్రయోగం) ఏదో మీరే వెతకండి. అర్థం కానిచోట ఇక్కడే అడగండి, తెలుగులోనే రాయండి.