నాచు మందు వేశాక చేపలు చనిపోతే కంపెనీ బాధ్యత ఎంత?

ప్రశ్న: కైకలూరు దగ్గర నాలుగెకరాల చెరువు కౌలుకు తీసుకుని, ఇంటిల్లిపాదీ కష్టపడి శీలావతి, బొచ్చె పెంచుతున్నాం. గత ఆగస్టులో దుకాణదారు మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిసిన నాచు మందు ఇచ్చి, చేపలకేమీ కాదంటూ డబ్బాపై రాసినదానికంటే ఎక్కువ మోతాదు చెప్పారు. మర్నాడు తెల్లవారేసరికి చేపలు తేలాయి. సుమారు ఆరు టన్నులు పోయాయి. అంతకు వారం ముందు పరీక్షలో నీటి క్షారత లీటరుకు 45 మిల్లీగ్రాములే ఉంది. మందు ఖరీదు 9,600 రూపాయలు. ఆక్సిజన్ పడిపోయి చనిపోయాయని కంపెనీ అంటోంది. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది, అయితే మందు నకిలీదన్న ఆరోపణతో మాత్రం మొదలుపెట్టకండి. నకిలీ అని రుజువు చేయడం కష్టం, పైగా మీకు దాని అవసరమూ లేదు. మైలతుత్తం విషతీవ్రత నీటి క్షారతను బట్టి మారుతుంది. క్షారత 50కి లోపు ఉన్న చెరువులో దాన్ని వాడకూడదన్నది ఆక్వా రంగంలో అందరూ అంగీకరించే హెచ్చరిక. ఆ హెచ్చరిక డబ్బాపై లేకపోతే, వాడకానికి తగిన సూచనలు ఇవ్వని తయారీదారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం బాధ్యుడవుతాడు. ఆక్సిజన్ వాదన కూడా కంపెనీని కాపాడలేదు. చెరువంతా నాచు ఒకేసారి చచ్చి కుళ్ళితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కనుక, కొంత కొంత భాగానికే వేయాలనీ ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) తిప్పుతూ ఉండాలనీ డబ్బాపై రాయకపోవడమూ అదే లోపం కిందికి వస్తుంది. కాబట్టి ముందు ఆ లేబుల్‌ను అక్షరం వదలకుండా చదవండి.

మీ కేసులో బలహీనత మోతాదు. ఉత్పత్తిని దుర్వినియోగం చేస్తే విక్రేతపై దావా నిలవదని 87వ సెక్షన్ చెబుతోంది. కానీ ఆ మోతాదు చెప్పింది విక్రేతే అయినప్పుడు అదే వాదన ఆయన నోట చెల్లడం కష్టం. తయారీదారుతో సంబంధం లేకుండా ‘చేపలకేమీ కాదు’ అని ఆయన సొంతంగా ఇచ్చిన హామీ 86వ సెక్షన్ కింద ఆయననూ బాధ్యుణ్ణి చేయవచ్చు. ఆ మాటకు వాట్సాప్ సందేశమో, పక్కనున్న సాక్షో ఉన్నారేమో చూడండి.

వ్యాపారానికి కొన్నారు కనుక మీరు వినియోగదారు కారని ఎదుటివారు తప్పక అంటారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నవారికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. విత్తన సంస్థ అయిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు మన రాష్ట్ర రైతులను వినియోగదారులుగానే గుర్తించింది. విత్తనమంతా చల్లేసిన రైతు పరీక్షకు నమూనా దాచలేదని తప్పుపట్టలేమనీ అందులో చెప్పింది. అలాగని మీ దగ్గర మిగిలిన మందును పారబోయకండి: బ్యాచ్ నంబరున్న డబ్బాతో సహా భద్రపరిస్తే ఫిర్యాదు విచారించే జిల్లా వినియోగదారుల కమిషనే ప్రయోగశాలకు పంపిస్తుంది.

నష్టం లెక్కలో జాగ్రత్త అవసరం. ఉత్పత్తి బాధ్యత (సరుకు వల్ల జరిగిన హానికి తయారీదారు, విక్రేత బాధ్యత) కింద అడిగేటప్పుడు వాణిజ్య, ఆర్థిక నష్టాన్ని 2(22) సెక్షన్ మినహాయిస్తుంది కనుక, చనిపోయిన నాటి బరువుకు ఆ రోజు చెరువు గట్టు ధర కట్టండి. పట్టుబడి నాటికి వచ్చేదనుకున్న లాభం కలపకండి. మత్స్య శాఖ అధికారి పరిశీలన నివేదిక, బిల్లు, నీటి పరీక్ష చీటీ, మేత పుస్తకం జతచేయండి.

జిల్లా కమిషన్ పరిధిని నిర్ణయించేది మీరు అడిగే పరిహారం కాదు, మందుకు చెల్లించిన ధర. 9,600 రూపాయల కొనుగోలుకు ఫీజు కూడా ఉండదు. మీ నివాస ప్రాంతం ఏ జిల్లా కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే ఫిర్యాదు వేయవచ్చు. చేపలు చనిపోయిన రోజు నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి.