పాఠకుల ప్రశ్నలు: ఒక్క ధ్రువ్ కూలితే అన్నీ ఎందుకు ఆపారు?

ప్రశ్న: పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ ఒకటి కూలితే, దేశంలో ఉన్న ధ్రువ్‌లన్నిటినీ నెలల తరబడి నిలిపేశారు. తిరుమల ఘాట్‌లో ఒక బస్సు చెడిపోతే డిపోలో బస్సులన్నీ ఆపరు కదా? – ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: ఘాట్‌లో బస్సుకు బ్రేకు పట్టకపోతే డ్రైవరు గేరు తగ్గిస్తాడు, హ్యాండ్ బ్రేకు లాగుతాడు, చివరికి కొండవైపు గోడకు ఆనించి ఆపుతాడు. అంటే ఒకటి పోతే ఇంకొకటి ఉంది. హెలికాప్టర్‌లో కూడా చాలా భాగాలకు ఇలాంటి తోడు ఉంటుంది. ధ్రువ్‌కు ఇంజన్లు రెండు. ఒకటి ఆగితే రెండోదానితో దిగవచ్చు. రెండూ ఆగినా, తగినంత ఎత్తూ వేగమూ ఉంటే, కిందినుంచి వచ్చే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి దిగే అవకాశం ఉంది. కానీ పైలట్ ఆజ్ఞను రెక్కలకు చేర్చే స్వాష్‌ప్లేట్ అనే భాగానికి తోడు లేదు. 2025 జనవరి 5న ముగ్గురిని బలిగొన్న పోర్‌బందర్ ప్రమాదంలో విరిగినట్టు తేలింది ఆ భాగమే.

స్వాష్‌ప్లేట్ అంటే ఇదీ: రెక్కల కింద, రోటర్ షాఫ్టు (రెక్కలను తిప్పే ఇరుసు) చుట్టూ రెండు పళ్లేల్లాంటి భాగాలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. కిందిది తిరగదు, పైది రెక్కలతోపాటు తిరుగుతుంది, మధ్యలో బేరింగ్ ఉంటుంది. పైలట్ స్టిక్ కదిపితే హైడ్రాలిక్ జాకీలు కింది పళ్లేన్ని వంచుతాయి. దానితో పైదీ వంగుతుంది. దానికి బిగించిన లింకులు ఒక్కో రెక్క కోణాన్ని మారుస్తాయి. ముందుకు, పక్కకు, పైకి, కిందికి ఎటు పోవాలన్నా ఆ ఆజ్ఞ ఈ పళ్లేల మీదుగానే వెళ్లాలి. అది విరిగితే ఇంజన్లు రెండూ నిక్షేపంగా నడుస్తున్నా పైలట్ మాట రెక్కలు వినవు. ఎంత అనుభవం ఉన్నవారైనా చేయగలిగింది ఏమీ మిగలదు.

ఇక అన్నిటినీ ఎందుకు ఆపడం? విరిగిందని తెలిసింది సరే, ఎందుకు విరిగిందో తెలియాలి. లోహం పోతపోసినప్పుడే లోపం ఉందా, మెషీనింగ్‌లో గీత పడిందా, బేరింగ్ అరిగి అదనపు భారం పడిందా, సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టిందా, లేక డిజైన్‌లోనే బలం చాలలేదా? లోపం ఒక బ్యాచ్‌దే అయితే పని తేలిక. ప్రతి భాగానికీ సీరియల్ నంబరు, లాగ్ కార్డు ఉంటాయి కాబట్టి ఆ నంబర్లున్న వాటినే ఆపి మార్చేస్తారు. ఉప్పుగాలి అయితే సముద్రం మీద ఎగిరేవాటిని ఆపాలి. డిజైన్ అయితే అన్నీ ఆపాలి. జవాబు తేలేదాకా సైన్యం, వైమానిక దళం, నౌకాదళం, కోస్ట్ గార్డ్ దగ్గరున్న సుమారు 330 ధ్రువ్‌లలో తర్వాత కూలేది ఏదో ఎవరూ చెప్పలేరు. 2025 మే మొదట్లో సైన్యం, వైమానిక దళం ధ్రువ్‌లకు అనుమతి ఇచ్చి, సముద్రం మీద పనిచేసేవాటిని అప్పటికి నేలమీదే ఉంచడాన్ని ఈ తేడా దృష్టితో చూడాలి.

కారణం త్వరగా దొరికితే నిలిపివేత కూడా త్వరగా తొలగుతుంది. 2022 ఆగస్టులో అమెరికా సైన్యం తన చినూక్ హెలికాప్టర్లు సుమారు 400 ఆపింది. ఇంధనం కారి ఇంజన్లలో మంటలు వచ్చాయి. నిర్దేశాలకు తగని ఓ-రింగులే (ఇంధనం కారకుండా వేసే వలయాలే) కారణమని తేలడంతో, అవి ఎక్కడున్నాయో వెతికి మార్చడమే మిగిలింది. దీనికి పూర్తి వ్యతిరేకం సూపర్ ప్యూమా హెలికాప్టర్ల కథ. 2009లో స్కాట్లాండ్ తీరంలో గేర్‌బాక్స్‌లోని ప్లానెట్ గేరు (మధ్య గేరు చుట్టూ తిరిగే చిన్న గేరు) పగిలి 16 మంది పోయారు. 2016 ఏప్రిల్ 29న నార్వేలో అదే కుటుంబానికి చెందిన హెలికాప్టర్‌లో, అదే చోటి ప్లానెట్ గేరు మళ్లీ పగిలింది. రోటర్ ఊడి విడిగా ఎగిరిపోయింది, 13 మంది మరణించారు. నూనెలోని లోహపు రజను పట్టే అయస్కాంతపు ప్లగ్ రెండోసారి ఏ హెచ్చరికా ఇవ్వలేదు. నెలల తరబడి ఆపడం అతిజాగ్రత్త అనేవారు ఈ రెండు ప్రమాదాల నివేదికలు చదవాలి.

ప్రశ్న: లోహంలో పగులు కంటికి కనిపిస్తుందా? – ఐటీఐ విద్యార్థి, చిత్తూరు

జవాబు: చాలావరకు కనిపించదు. రోటర్ నిమిషానికి సుమారు 300 సార్లు తిరుగుతుందనుకోండి, గంటకు 18,000, 100 గంటలకు 18 లక్షల సార్లు. ప్రతి చుట్టుకూ భారం పెరిగి తగ్గుతుంది. వెంట్రుకకన్నా సన్నని పగులు అలా కొంచెం కొంచెంగా పెరిగి, ఒకరోజు ఒక్కసారిగా విరుగుతుంది.

మీ వర్క్‌షాపులోనే చేయగలిగే పరీక్ష డై పెనెట్రెంట్. ముందు పెయింటు, గ్రీజు పూర్తిగా తీసి, క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఎర్రరంగు ద్రవం చల్లి 10 నుంచి 30 నిమిషాలు వదలాలి. ఆ తర్వాత పొడి గుడ్డతో, చివరగా క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవాలి. క్లీనర్‌ను నేరుగా భాగం మీద చల్లితే పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. తెల్లటి డెవలపర్ పలచగా చల్లితే పగులు ఉన్నచోట ఎర్రగీత తేలుతుంది. ఇసుక కొట్టి శుభ్రం చేస్తే పగులు నోరు మూసుకుపోయి పరీక్ష వృథా అవుతుంది.

ఇది ఉపరితలానికి తెరుచుకున్న పగుళ్లకే. లోపలివాటికి అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాల) పరీక్ష, ఉపరితలానికి కాస్త కింద ఉన్నవాటికి ఎడ్డీ కరెంట్ (లోహంలో విద్యుత్ ప్రవాహం పుట్టించే) పరీక్ష. అయస్కాంత రజను పరీక్ష ఉక్కుకు పనికొస్తుంది, అల్యూమినియంకు రాదు.

ప్రశ్న: కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజను పొట్టన పెట్టుకున్న హెలికాప్టర్‌లోనూ ఇలాంటి లోపమే ఉందా? – ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: లేదు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర కూలింది ఎంఐ-17వీ5 అనే వేరే రకం హెలికాప్టర్. అందులో ఉన్న జనరల్ బిపిన్ రావత్ సహా 14 మందీ మరణించారు. త్రివిధ దళాల విచారణ యాంత్రిక లోపాన్ని, విద్రోహాన్ని తోసిపుచ్చింది. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మేఘాల్లోకి వెళ్లడంతో పైలట్‌కు దిశాభ్రమ కలిగిందని తేల్చింది. ఇలాంటప్పుడు హెలికాప్టర్లను ఆపడం కాదు, కొండల్లో ఎగిరే విధానాలు, శిక్షణ సరిచూడాలి.

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో హెలికాప్టర్ టెక్నీషియన్. ఎగరడం ఆపితే పని తగ్గుతుందనుకున్నాను, ఇంకా పెరిగిందంటున్నాడు. నిజమేనా? – ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: నిజమేనమ్మా. నిలబడిన యంత్రం ఎగిరే యంత్రంకన్నా త్వరగా పాడవుతుంది. నూనె కిందికి జారిపోయి బేరింగులు ఆరి తుప్పు పడతాయి, రబ్బరు సీళ్లు బిగుసుకుని తర్వాత కారతాయి, ఇంధన ట్యాంకులో నీరు చేరి బూజు పెరుగుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అందుకే వేళ తప్పకుండా ఇంజన్లు నేలమీదే నడపాలి, రోటర్ తిప్పాలి, ట్యాంకు అడుగునుంచి నీరు తీయాలి, ఇంజన్ నోళ్లకు మూతలు వేయాలి, గాలివానకు రెక్కలు కట్టాలి. చక్రాలున్న రకమైతే టైరు ఒకేచోట నొక్కుకుపోకుండా జరపాలి.

దీనిపైన ప్రత్యేక తనిఖీ పని ఉంటుంది. స్వాష్‌ప్లేట్ విప్పాలంటే లింకులు, జాకీల కనెక్షన్లు అన్నీ విప్పాలి. తిరిగి బిగించాక రెక్కల కోణాలు కొలిచి సరిచేయాలి, ప్రతి నట్టుకూ నిర్ణీత టార్క్ (బిగింపు బలం) ఇవ్వాలి, లాకింగ్ వైరు, స్ప్లిట్ పిన్ను వేయాలి. కంట్రోల్ భాగం విప్పిన ప్రతిసారీ బిగించినవారు కాకుండా ఇంకొకరు మొదటినుంచీ విడిగా చూసి సంతకం చేయాలి. ఆ తర్వాత నేలమీద నడిపి రెక్కలన్నీ ఒకే దారిలో తిరుగుతున్నాయా, వణుకు హద్దులో ఉందా చూస్తారు. అది కుదిరాకే కొన్ని అడుగుల ఎత్తున హోవర్ చేసి (గాలిలో ఒకేచోట నిలిపి), దించి, నూనె ప్లగ్ విప్పి రజను ఉందేమో మళ్లీ చూస్తారు.