అల్లుడికి, సోర్స్ బయటికి తోసే ముందు

ఒరేయ్ చిన్నా, నీకు రేడియోగ్రఫీలో ట్రైనీగా పని దొరికిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఎక్స్‌రే అంటే ఏ ఆస్పత్రిలో అని ఊళ్లో అందరూ అడుగుతున్నారంట, అడగనీ, పైపు వెల్డింగులకి కూడా ఎక్స్‌రే తీస్తారని ఎంతమందికని చెప్తాం.

నీ కెమెరా అంటే సోర్స్‌ని దాచిపెట్టే డబ్బా, అందులో ఉండే సోర్స్ ఇరిడియం-192, రేడియేషన్ వదిలే లోహం, రియాక్టర్లో పెట్టి న్యూట్రాన్లు తగిలిస్తే తయారయ్యే సరుకు. 74 రోజులకి సగం అయిపోద్ది. 40 క్యూరీల బలంతో వచ్చిన సోర్స్ రెండున్నర నెలల్లో 20కి దిగిపోద్ది, అప్పుడు మూడు నిమిషాల షాట్‌కి ఆరు పడతాయి, కాబట్టి పాత కాగితం చూసి టైం వెయ్యకు, సోర్స్ ఏ రోజుకి ఎంత తగ్గిందో చూపే డికే చార్ట్ చూసి లెక్కేస్కో, లేకపోతే ఫిల్మ్ తేలిపోయి రీషూట్ అంటారు.

అసలు చెప్పాలనుకుంది రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ గురించి. 20 క్యూరీల సోర్స్ బయట ఉంటే మీటరు దూరంలో గంటకి దాదాపు 100 మిల్లీసీవర్టుల డోస్ ఒంటికి తగుల్తుంది. మనకి ఏడాదికి సగటున 20 దాటకూడదు, అంటే అక్కడ పన్నెండు నిమిషాలు నిలబడితే ఏడాది కోటా అయిపోయినట్టే. పది సెంటీమీటర్లకి వెళ్తే వంద రెట్లు. వాసన ఉండదు, వేడి తగలదు, చప్పుడు ఉండదు.

నేను చేరిన మూడో ఏడు, ఒక సైట్లో (పేరెందుకులే) రాత్రి రెండింటికి ఆఖరి షాట్, అందరికీ నిద్రే. సోర్స్‌ని లోపలికి లాగే క్రాంక్ తిప్పాను, కేబుల్ హాయిగా వెనక్కొచ్చింది, తిప్పిన చుట్లు కూడా సరిపోయాయి, హెల్పర్ అప్పటికే సోర్స్ బయటికెళ్లే గైడ్ ట్యూబ్ చుట్టెయ్యడానికి లేచాడు. కానీ సోర్స్ లోపలికొస్తే పడాల్సిన కెమెరా లాక్ క్లిక్ అనలేదు. ఆగరా అని అరిచి మీటర్ చూస్తే ముల్లు సున్నా దగ్గరే, హమ్మయ్య అనుకున్నా, తర్వాత బ్యాటరీ చెక్ నొక్కితే అదీ కదల్లేదు! రెండో మీటర్ తెచ్చి ఆన్ చేశాక ముల్లు చివరికి కొట్టుకుంది. పిగ్‌టెయిల్, అంటే సోర్స్‌ని కేబుల్‌కి తగిలించే తోక, సరిగ్గా తగిలించలేదు, తగిలించింది నేనే, సోర్స్ ట్యూబ్‌లోనే ఉండిపోయింది. ఎవరూ దగ్గరికి రాకుండా కట్టిన తాడు ఇంకా దూరం జరిపి కట్టి కాపలా కూర్చున్నాం, పొద్దున ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ భద్రత చూసే అధికారి) వచ్చి సీసం సంచులు కప్పి, పొడుగు పట్టకార్లతో తీయించాడు.

అందుకే షిఫ్ట్ మొదట్లోనే బ్యాటరీ చెక్ చెయ్యి, పిగ్‌టెయిల్ తగిలించాక ఒకసారి లాగి చూడు, ప్రతి షాట్ తర్వాతా మీటర్ చేత్తో పట్టుకునే కెమెరా దగ్గరికి వెళ్లు, ట్యూబ్ చివరిదాకా చూడు. సూపర్‌వైజర్ టైమైపోతోందని కేకలేస్తాడు, వెయ్యనీ.

2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్లో కోబాల్ట్-60 ఉన్న పాత మెషిన్ విప్పి ఒకాయన చనిపోయాడు, పాపం లోపల ఏముందో వాళ్లకి తెలీదు. నీకైతే తెలీదనే వీల్లేదు.

ఒంటికి తగిలిన డోస్ లెక్క చెప్పే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఛాతీ దగ్గరే పెట్టుకో, డోస్ ఎక్కువొస్తే పని ఆపేస్తారని భయపడి గదిలో వదిలేసేవాళ్లు ఉంటారు, వాళ్లతో కలవకు.

రేడియోగ్రఫీ లెవెల్-2 పరీక్షకి నా పాత ఫిల్ములు అటక మీద పెట్టెలో ఉన్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు వ్యూయర్ పెట్టి చూద్దాం, స్లాగ్‌కీ (వెల్డులో ఇరుక్కున్న మడ్డి) పోరోసిటీకీ (గాలి బుడగలు) తేడా నీ కళ్లతోనే పట్టాలి, నేను చెప్పను.

మీ మామయ్య