క్యాప్ మళ్లీ మళ్లీ ఊడుతోంది, తప్పు సిమెంట్‌దేనా?

ప్రశ్న: దవడ పన్నుకి వేయించిన జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి తెల్ల పదార్థం) క్యాప్ ఏడాదిలో రెండుసార్లు ఊడింది. లోపల పచ్చటి పాచి, ఒకటే వాసన. నీళ్లతో కడిగి మళ్లీ అతికించారు. సిమెంట్ నాసిరకమా?

జవాబు: సిమెంట్‌ని అప్పుడే తిట్టకండి. దుమ్ము గోడకి పోస్టర్ అంటిస్తే అది అంటుకునేది దుమ్ముకే కదా, ఇక్కడా అంతే. ఉమ్ము తగిలిన నిమిషాల్లోనే దాంట్లోని ప్రొటీన్లు పొరలా పట్టేస్తాయి, దాని మీద బ్యాక్టీరియా చేరి పాచి కడుతుంది, ఆ జిగురు వట్టి నీళ్లకి వదలదు. జిర్కోనియాతో ఇంకో తిరకాసు ఉంది. ఉమ్ములోని ఫాస్ఫేట్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తర్వాత రెజిన్ సిమెంట్‌కి, అంటే క్యాప్‌ని అతికించే ప్లాస్టిక్ రకం సిమెంట్‌కి, పట్టు దొరకదు. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కడిగినా లాభం లేదు, అదీ ఫాస్ఫేటే మరి! సన్నటి అల్యూమినా పొడిని గాలితో కొట్టి లోపలి భాగం శుభ్రం చేయాలి, లేదా ఇందుకోసమే ఉన్న క్లీనింగ్ పేస్ట్ వాడాలి.

పన్ను వైపు కూడా చూడాలి. అంచు దగ్గర సందు ఉంటే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లాంటి పుచ్చు తెచ్చే బ్యాక్టీరియా దూరి, మనం తిన్న తీపిని యాసిడ్‌గా మార్చి పన్నునే కరిగిస్తాయి, పైగా బ్యాక్టీరియా వదిలే ఎంజైములు రెజిన్‌ని కూడా మెల్లగా తినేస్తాయి. మీరు చెప్పిన వాసన నాకైతే ఇదే అనిపిస్తోంది. అతికించే ముందు పుచ్చు చూశారా, ఎక్స్‌రే తీశారా? ఈసారి ఊడితే ఇంట్లో గమ్ పెట్టకుండా, చిన్న డబ్బాలో వేసుకుని వెళ్లి ఈ రెండూ అడగండి.