మడమలో అఖిలీస్, మెడలో అట్లాస్

ప్రశ్న: మడమ వెనుక ఉండే టెండాన్‌ను వైద్యులు నేటికీ గ్రీకు పురాణవీరుడు అఖిలీస్ పేరుతోనే ఎందుకు పిలుస్తున్నారు?

జవాబు: తల్లి థెటిస్ పసివాడైన అఖిలీస్‌ను, దేహానికి దెబ్బ తగలకుండా చేసే స్టిక్స్ నదిలో ముంచినప్పుడు ఆమె పట్టుకున్న మడమ మాత్రం తడవలేదని, చివరికి అక్కడే బాణం తగిలి అతడు మరణించాడని గాథ. పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే ఆ దృఢమైన పట్టీకి 1693లో శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఫిలిప్ వెర్‌హేయెన్ ఈ పేరు వాడారు. 1955లో పారిస్‌లో ఆమోదించిన శరీరభాగాల అధికారిక పదావళి వ్యక్తుల పేర్లను పక్కన పెట్టినా, వైద్యుల నోట, క్రీడాకారుల నోట అఖిలీసే నిలిచాడు. కథతో ముడిపడిన పేరు అంత తేలిగ్గా మరపునకు రాదు. నన్ను మరింత ఆకట్టుకునేది అట్లాస్. ఆకాశాన్ని మోసిన ఆ దేవుడి పేరు, తలను మోసే మొదటి మెడపూసకు అధికారికంగానే కొనసాగుతోంది. మనం అవునని తల ఊపినప్పుడు పుర్రె ముందుకూ వెనక్కూ కదిలేది ఉంగరంలాంటి ఆ పూస మీదే.