స్టిక్ కదిపితే ఏం కదులుతోంది?

(వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరై, ఇప్పుడు ఇంట్లో ఫైటర్ సిమ్యులేటర్లు నడుపుతున్న మా కాలమిస్టు ఈ నెల పాఠకులకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: సార్, నేను విశాఖపట్నంలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏడాది పాటు డబ్బు కూడబెట్టి జాయ్‌స్టిక్, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే లివర్), రడ్డర్ పెడల్స్ (ముక్కును కుడిఎడమలకు తిప్పేవి) కొన్నాను. డీసీఎస్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ నడుపుతున్నాను. మామూలుగా ఎగరడం బాగానే ఉంది. జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109 వెనక చేరి గురి పెట్టేసరికి ముక్కు పైకీ కిందికీ ఊగిపోతోంది. పిచ్‌కు (ముక్కు పైకీ కిందికీ కదలడానికి) కర్వ్ 40, డెడ్‌జోన్ 10 పెట్టాను. అయినా తగ్గలేదు. స్టిక్ మార్చేయాలా?

జవాబు: మార్చకండి. ముందు ఆ 40నీ, ఆ 10నీ తీసేసి రెండూ సున్నాకు తెండి. కర్వ్ అంటే స్టిక్ మధ్యలో స్పందనను నెమ్మది చేసే సెట్టింగ్, డెడ్‌జోన్ అంటే మధ్యలో స్టిక్ కదిలినా విమానం పట్టించుకోని మేర. జబ్బేమిటో తెలియకుండా వేసిన మందులు అవి.

దళంలో మేం ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే, తోక దగ్గరి కదిలే పలక) రాడ్ మీద చెయ్యి వేసిన ప్రతిసారీ ఒక పద్ధతి పాటించేవాళ్లం. ఒకరు కాక్‌పిట్‌లో కూర్చుని స్టిక్‌ను ముందుకీ వెనక్కీ చివరిదాకా తోస్తారు. ఇంకొకరు తోక దగ్గర నిలబడి ఎలివేటర్ ఎటు కదిలిందో, పూర్తిగా వెళ్లిందో లేదో చూసి గట్టిగా చెబుతారు. కాక్‌పిట్‌లో ఉన్నవాడు తన చేతిని నమ్మకూడదు, తోక దగ్గరి మాటనే నమ్మాలి. సిమ్యులేటర్‌లో ఆ తోక దగ్గరి మనిషిని పిలవాలంటే, విమానంలో కూర్చున్నాక కీబోర్డు మీద కుడివైపు కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. తెర మీద ఒక చిన్న గడి వస్తుంది. స్టిక్, రడ్డర్, థ్రాటిల్ ఎక్కడున్నాయని విమానం అనుకుంటోందో అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు స్టిక్ పూర్తిగా వదిలేయండి. థ్రాటిల్ ముందుకు తోయండి. దాని మీద చిన్న బొటనవేలి స్టిక్ ఉంటే అదీ తిప్పండి. ఆ తర్వాత పెడల్స్ మీద పాదాల కొనలతో నొక్కండి. వీటిలో దేనికైనా స్టిక్ గుర్తు కదిలితే మీ దొంగ దొరికినట్టే. నా అనుమానం పెడల్స్ మీదే. డీసీఎస్‌కు కొత్త పరికరం కనబడగానే దాని యాక్సిస్‌లను (అటూ ఇటూ కదిలే ఒక్కో కదలికను) తనంతట తానే ఏదో ఒక కంట్రోల్‌కు కట్టేస్తుంది. స్టిక్‌లో ఎక్స్, వై అంటే రోల్ (రెక్కలు పక్కకు వాలడం), పిచ్. కానీ చాలా పెడల్స్‌లో పాదాల కొనల దగ్గరి బ్రేకులకూ ఎక్స్, వై అనే పేర్లే ఉంటాయి. అంటే మీ పాదం కూడా ఎలివేటర్‌ను లాగుతూ ఉండవచ్చు. శత్రువు వెనక చేరగానే టెన్షన్‌లో కాళ్లు బిగుసుకుంటాయి కదా, ముక్కు అప్పుడే ఎందుకు ఊగుతోందో చూడండి.

ఆప్షన్స్‌లో కంట్రోల్స్ తెరిచి, స్పిట్‌ఫైర్‌ను ఎంచుకుని, యాక్సిస్ కమాండ్స్‌లోకి వెళ్లండి. పిచ్ వరుసలో స్టిక్ కింద ఉన్నది ఉంచి, మిగతా పరికరాల కింద ఉన్నవన్నీ చెరిపేయండి. రోల్, రడ్డర్, థ్రాటిల్ వరుసలకూ ఇదే పని. ఒక్కో విమానానికి విడివిడిగా చేయాలి. స్పిట్‌ఫైర్‌లో సరిచేశారు కదా అని అమెరికన్ ఫైటర్ మస్టాంగ్‌లో సరైపోదు. థ్రాటిల్ ముందుకు తోస్తే గుర్తు వెనక్కి వస్తుంటే అక్కడే యాక్సిస్ ట్యూన్‌లో ఇన్వర్ట్ టిక్ పెట్టండి.

డెడ్‌జోన్ 10 ఎందుకు వద్దన్నానంటే, గురి పెట్టేటప్పుడు మీ చెయ్యి తిరిగేదంతా స్టిక్ నడిమధ్యలోనే. సరిగ్గా అక్కడే విమానాన్ని చెవిటిదాన్ని చేశారు. కొంచెం తోస్తారు, ఏమీ జరగదు. ఇంకొంచెం తోస్తారు, ఒక్కసారిగా ముక్కు దిగుతుంది. వెంటనే వెనక్కి లాగుతారు, మళ్లీ అదే ఖాళీ దాటాలి. ఊపు అలా పుడుతుంది. చెయ్యి తీసేసినప్పుడు గుర్తు నిలకడగా ఉంటే డెడ్‌జోన్ సున్నా చాలు. వణుకుతుంటే 1 లేదా 2 పెట్టండి. 5 పెట్టినా వణుకు ఆగకపోతే లోపలి సెన్సర్ అరిగిందన్నమాట, దానికి సెట్టింగ్ మందు కాదు.

కర్వ్ మాత్రం స్పిట్‌ఫైర్‌కు కొంత కావాలి. అసలు విమానంలో మోకాళ్ల మధ్య పొడవాటి స్టిక్ ఉండేది, పైన గుండ్రటి పిడి. మీ టేబుల్ మీద ఉన్నది జానెడు. పైగా స్పిట్‌ఫైర్ ఎలివేటర్ చాలా తేలిక. మీ స్టిక్ కొన అంగుళం కదిలితే అక్కడ పొడవాటి స్టిక్ చాలా ఎక్కువ కదిలినట్టు లెక్క. 1940లో బ్రిటిష్ పైలట్లు తమ మెషిన్‌గన్ల గురిని 400 గజాల నుంచి 250 గజాలకు దగ్గర చేసుకున్నారు. 250 గజాలంటే సుమారు 230 మీటర్లు. అంత దూరంలో ముక్కు ఒక్క డిగ్రీ తప్పితే గుండు 4 మీటర్లు పక్కకు పోతుంది. 109 రెక్కల వెడల్పే సుమారు 10 మీటర్లు. అందుకే మధ్యలో నెమ్మదితనం కావాలి. 15తో మొదలుపెట్టి 20 దాకా చూడండి. 40 పెడితే మధ్యలో మెత్తబడినదంతా అంచుల్లో మీద పడుతుంది. గట్టిగా మలుపు తిప్పుతుంటే తెలియకుండానే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక పడిపోతుంది. శాచురేషన్ (కదలికకు గరిష్ఠ హద్దు పెట్టే సెట్టింగ్) జోలికి వెళ్లకండి, వై శాచురేషన్ తగ్గిస్తే ఎలివేటర్ చివరిదాకా పోదు.

ఇంకో మాట. మన స్టిక్‌లో స్ప్రింగ్ ఎప్పుడూ మధ్యకే లాగుతుంది. అందుకే వెంటాడే వేగం కుదరగానే ట్రిమ్ (స్టిక్ పట్టుకోకున్నా ముక్కును నిలకడగా ఉంచే సర్దుబాటు) సరిచేసి, చేతికి బరువు లేకుండా చేసుకుని అప్పుడు గురి చూడండి. ఎలివేటర్ ట్రిమ్‌ను బొటనవేలికి అందే బటన్‌కు పెట్టుకోండి.

అమెరికన్ జెట్ ఫైటర్ ఎఫ్-16కు మారినప్పుడు ఈ కర్వ్ అంకెలు తీసుకెళ్లకండి. అక్కడ స్టిక్ దాదాపు కదలదు, చేతి ఒత్తిడిని కొలుస్తుంది. మొదట్లో దాన్ని అసలు కదలకుండానే చేశారు. మీ ఒత్తిడికి ఎంత జీ (మలుపులో పైలట్ మీద పడే బరువు) ఇవ్వాలో కంప్యూటర్ చూసుకుంటుంది. సున్నాతో మొదలుపెట్టండి.

ప్రశ్న: నమస్తే అండీ. మాది సికింద్రాబాద్. మిగ్-21 మీద అభిమానంతో డీసీఎస్‌లో మిగ్-21బిస్ మాడ్యూల్ (విడిగా కొనే విమానం) కొన్నాను. రన్‌వే దాకా కూడా వెళ్లలేకపోతున్నాను. పెడల్స్‌లోని కుడి, ఎడమ బ్రేకులు పనిచేయడం లేదు. పెడల్స్ పాడయ్యాయా?

జవాబు: పెడల్స్‌కు ఏమీ కాలేదండీ. మిగ్-21కు పాదాల కొనల దగ్గర బ్రేకులే లేవు. బ్రేక్ స్టిక్ మీద ఉన్న లివర్‌లో ఉంటుంది, మోటార్ సైకిల్ ముందు బ్రేక్‌లా వేళ్లతో బిగించాలి. గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. ఎటు ఎంత బ్రేక్ పడాలో పెడల్ నిర్ణయిస్తుంది. కుడివైపు తిరగాలంటే కుడి పెడల్ తోసి లివర్ బిగించాలి. ముందు చక్రం మీ పెడల్ మాట వినదు, విమానం ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. లివర్ వదిలినప్పుడు గాలి ఉస్సుమనే చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కాబట్టి పెడల్స్ బ్రేకులకు పెట్టిన సెట్టింగులన్నీ తీసేసి, రడ్డర్ ఒక్కటే ఉంచండి. వీల్ బ్రేక్‌ను స్టిక్ మీద చిటికెన వేలికి అందే లివర్‌కు ఇవ్వండి. అలాంటిది లేకపోతే బటన్ చాలు, అయితే పట్టుకుని ఉంచకుండా తడుతూ వాడండి. థ్రాటిల్ కొంచెం పెంచి, విమానం కదిలాకే తిరగండి. ఆగి ఉన్నప్పుడు తిప్పాలని చూస్తే మొండికేస్తుంది. మీ స్పిట్‌ఫైర్ మిత్రులకూ చెప్పండి, దానికీ ఇదే పద్ధతి: పిడి మీద లివర్, గాలి బ్రేక్, పెడల్‌తో పంపకం.

1963లో మన దళంలో చేరిన మిగ్-21, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. మీరు దాన్ని ఇంట్లో నేర్చుకుంటున్నారంటే నాకు చాలా సంతోషం.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫైటర్ సిమ్యులేటర్ కోసం ఖరీదైన స్టిక్, థ్రాటిల్ సెట్ అడుగుతున్నాడు. కొనమంటారా? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. పిడిని మెలితిప్పితే రడ్డర్ పనిచేసే, కింద చిన్న థ్రాటిల్ ఉన్న ఒక్క స్టిక్ కొనివ్వండి. డీసీఎస్‌లో సుఖోయ్-25టీ, ఆయుధాలు లేని మస్టాంగ్ శిక్షణ విమానం ఉచితంగానే వస్తాయి. మస్టాంగ్‌ను టేకాఫ్‌లో నేరుగా నిలబెట్టడం వచ్చేదాకా వాటితోనే నేర్చుకోమనండి. స్టిక్‌ను టేబుల్ అంచుకు జారకుండా బిగించండి, మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనేలా ఎత్తు చూడండి. ఎప్పుడూ ఒకే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టమనండి, మారిస్తే సెట్టింగులు పోయినట్టు కనబడవచ్చు. సేవ్డ్ గేమ్స్‌లోని డీసీఎస్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్, దానిలో ఇన్‌పుట్ అని ఉంటుంది. దాన్ని నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం అలవాటు చేయండి.